చెన్నపట్నం కోట, జార్జి టౌన్: ఒక్క రోజులో నడిచి చూడటం ఎలా?

నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి, బెంగళూరు నుంచి ఎవరొచ్చినా నన్ను అడిగేది ఒకటే. "మద్రాసులో కోట ఉందంటారే, లోపలికి పోనిస్తారా? ఎటునుంచి పోవాలి? అక్కడ చూడ్డానికి ఏముంది?" ఫోన్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

గోల్కొండనో గండికోటనో మనసులో పెట్టుకుని రాకండి. ఇక్కడ కొండ లేదు, ఎక్కాల్సిన మెట్లు లేవు. ఇది చదునైన ఇసుక నేల మీద, సముద్రపు ఒడ్డున, వ్యాపారం కోసం కట్టుకున్న కోట. దీనికి రెండు గోడలు. లోపలి గోడ సెయింట్ జార్జి కోటది, అది నిలబడే ఉంది. బయటి గోడ ఊరి చుట్టూ, అంటే ఇప్పటి జార్జి టౌన్ చుట్టూ ఉండేది, అందులో చిన్న ముక్క మాత్రమే మిగిలింది. ఈ రెంటికీ మధ్య ఒకప్పుడు కావాలని ఖాళీగా వదిలిన మైదానం. కోట, మైదానం, ఊరు, బయటి గోడ, ఈ వరసలో చూస్తే అంతా కళ్ళకు కడుతుంది. వరస తప్పితే ట్రాఫిక్కూ హారన్లూ తప్ప ఏమీ గుర్తుండదు.

కావలసినవి

- ఒరిజినల్ గుర్తింపు కార్డు, మనిషికొకటి. ఆధార్, ఓటరు కార్డు, లైసెన్సు ఏదైనా సరే. ఇది లేకుండా బయలుదేరకండి.
- చిన్న సంచి. సూట్‌కేసులూ పెద్ద బ్యాగులూ సెంట్రల్ స్టేషన్ క్లోక్ రూములోనో బస చేసిన చోటో వదిలేయండి.
- మనిషికి ఒక లీటరు నీళ్ళు, గొడుగు లేదా టోపీ.
- సులభంగా విప్పి తొడుక్కునే చెప్పులు. దారిలో గుళ్ళున్నాయి.
- మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు. గుడికీ చర్చికీ రెంటికీ అవే సరిపోతాయి.
- చిల్లర డబ్బులు.

మొత్తం నడక ఆరేడు కిలోమీటర్లు. ఒకే బిగిన కాదు, మధ్యలో రెండు మూడు గంటల విరామం ఉంటుంది.

1. రోజు సరిగ్గా ఎంచుకోండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. నేనూ ఒకసారి నెల్లూరు నుంచి వచ్చిన మా మేనమామ కుటుంబాన్ని శుక్రవారం పూట తీసుకుపోయాను. తాళం వేసిన తలుపు ముందు నిలబడి మామయ్య, "సరేలేరా, గోడన్నా చూశాం గదా" అన్నాడు. ఆయన మళ్ళీ మద్రాసు రావడానికి మూడేళ్ళు పట్టింది. ఆ రోజు బోర్డు చూడకుండా బయలుదేరినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆదివారం జార్జి టౌన్ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. వీధులు ఖాళీగా ఉంటాయని ఫోటోలు తీసుకునేవాళ్ళు ఆ రోజే ఇష్టపడతారు గానీ, అంగళ్ళు మూసిన జార్జి టౌన్ చూస్తే సగం చూసినట్టే. నా మటుకు శనివారం మంచిది. సచివాలయానికి సెలవు కాబట్టి కోటలో జనం పల్చగా ఉంటారు, బజారు మాత్రం నడుస్తూనే ఉంటుంది. శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో, ఆగస్టు 15కు ముందువెనకల తనిఖీలు ఎక్కువ. ఆగస్టు 15న ముఖ్యమంత్రి జెండా ఎగరేసేది ఈ కోటలోనే.

నెలల్లో డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్ళను తీసుకుని రాకండి. అక్టోబరు, నవంబరు వానల్లో జార్జి టౌన్ సందుల్లో నీళ్ళు నిలుస్తాయి.

2. తొమ్మిదికల్లా కోట ద్వారం దగ్గర ఉండండి

సెంట్రల్‌లో దిగినవాళ్ళు సబ్‌వే దాటి పార్క్ స్టేషన్‌కు పోయి బీచ్ వైపు లోకల్ బండి ఎక్కండి. తర్వాతి స్టేషనే ఫోర్ట్. తమిళంలో కోట్టై అని రాసి ఉంటుంది. అక్కడినుంచి నడిచిపోవచ్చు. మెట్రో అలవాటైనవాళ్ళు సెంట్రల్ నుంచి ఒక్క స్టేషన్ అవతల హైకోర్టులో దిగి, దక్షిణంగా వెనక్కి రావాలి. ఆటో అయితే "సెక్రటేరియట్" అనండి, చాలు. సొంత కారులో మాత్రం రాకండి. కోట దగ్గర ఆపుకోవడమే కష్టం, జార్జి టౌన్ సందుల్లోకి తీసుకుపోతే మీ సగం రోజు అక్కడే తెల్లారుతుంది.

ద్వారం దగ్గర పోలీసులు కార్డు అడుగుతారు, సంచి చూస్తారు. "మ్యూజియం, చర్చి" అని నేరుగా చెప్పండి. ఇది సచివాలయం, శాసనసభ, సైన్యం కార్యాలయాలు ఉన్న చోటు. వాటి వైపు ఫోన్ ఎత్తి ఫోటో తీయొద్దు. కావలివాళ్ళ ఫోటో అసలే వద్దు. ఎక్కడ తీయొచ్చో అడిగి తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

3. లోపల ఏది ముందు, ఏది తర్వాత

ముందు గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎత్తు ఇరవై అడుగులు. తూర్పుకు తిరిగితే సముద్రం కనిపించదు. "సముద్రపు కోట అన్నావు, సముద్రమేది?" అని అందరూ అడుగుతారు. కోట కట్టినప్పుడు అలలు గోడకు దగ్గర్లోనే విరిగేవి. ఓడల్లోంచి సరుకు దింపడానికి మేకులు కొట్టని, తాడుతో కుట్టిన మసులా పడవలు నడిచేవి. 19వ శతాబ్దం చివర్లో హార్బరు గోడలు సముద్రంలోకి కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుక వాటికి అడ్డుపడి దక్షిణాన పేరుకుంది. సముద్రం వెనక్కి జరిగింది. ఇప్పుడు మీరు సాయంత్రం పూట బజ్జీలు తినే మెరీనా ఇసుక అట్లా పెరిగిందే. రాయపురం వైపు మాత్రం తీరం కోతపడింది.

తర్వాత సెయింట్ మేరీస్ చర్చి. 1680లో ప్రార్థనలకు తెరిచారు. సూయజ్‌కు తూర్పున ఇంత పాత ఆంగ్లికన్ చర్చి ఇంకొకటి లేదంటారు. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఇక్కడే జరిగింది. పైకప్పు చూడండి. ఫిరంగి గుండ్లు పడ్డా తట్టుకునేట్టు మందపాటి ఇటుకలతో వంపు తిప్పి కట్టారు. దూలాలు ఉండవు.

చాలామంది లోపల చూసేసి వెళ్ళిపోతారు. అసలు చూడాల్సింది ఆవరణలో నేల మీద ఉంది. చర్చి చుట్టూ పరిచినవి మామూలు రాళ్ళు కావు, సమాధి పలకలు. పాత శ్మశానం హైకోర్టు పక్కన, ఒకప్పుడు లా కాలేజీ నడిచిన చోట ఉండేది. 1758-59లో ఫ్రెంచివాళ్ళు ముట్టడించినప్పుడు అక్కడి సమాధులు శత్రువు దాక్కోవడానికి పనికొచ్చాయి. అందుకని వాటిని కూల్చి, పలకలు ఇక్కడికి తెచ్చి పరిచారు. వంగి చూడండి. లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ అక్షరాలు. కొన్ని జనం కాళ్ళకింద అరిగి, వేలితో తడిమితే తప్ప తెలియవు. పొద్దున వెలుగు ఏటవాలుగా పడుతుంది కాబట్టి తొమ్మిదింటికే ఈ అక్షరాలు బాగా కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండలో అంతా తెల్లగా కలిసిపోతుంది. మొదట్లోనే ఇక్కడికి పొమ్మనేది అందుకే. వీలైనంతవరకు పలకల మీద అడుగు వేయకుండా పక్కనుంచి నడవండి.

ఆ తర్వాత మ్యూజియం. 1790ల నాటి ఎక్స్‌ఛేంజి భవనం. ఊరి మొదటి దీపస్తంభం వెలిగింది దీని పైకప్పు మీదే. లోపల రెండింటి కోసం సమయం మిగుల్చుకోండి. ఒకటి ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ పాలరాతి విగ్రహం. విగ్రహాన్ని కాదు, దాని పీఠాన్ని చూడండి. 1792లో టిప్పు సుల్తాన్ కొడుకులిద్దర్ని తాకట్టుగా అప్పగించే దృశ్యం చెక్కి ఉంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు శ్రీరంగపట్నం కథకు ఇది రెండో సగం. రెండోది 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన పట్టు జెండా. వెలుగు తగిలితే పాడవుతుందని మసక చీకట్లో ఉంచారు. గదిలోకి పోగానే ఏమీ కనిపించదని వెనక్కి తిరగొద్దు, కళ్ళు అలవాటు పడేదాకా ఆగండి.

టికెట్ ధర, కెమెరా నిబంధన ద్వారం దగ్గరి బోర్డు మీద చూసుకోండి. పదకొండుకల్లా కోట నుంచి బయటపడాలి.

4. ఖాళీ మైదానం దాటండి

రాజాజీ సాలై మీద ఉత్తరానికి నడిస్తే రిజర్వు బ్యాంకు, తర్వాత హైకోర్టు ఎర్ర గుమ్మటాలు. ఎండ ఎక్కువైతే ఈ ముక్క ఆటోలో పోండి, పోగొట్టుకునేదేం లేదు. దిగాల్సింది ప్యారీస్ మూల దగ్గర.

ఈ హైకోర్టు ఉన్న చోటే మొదటి ఊరు ఉండేది. నేతగాళ్ళు, అద్దకంవాళ్ళు, కోమట్లు, ఇంగ్లీషువాళ్ళకు మాటలు మార్చి చెప్పే దుబాసీలు కోట గోడను ఆనుకుని ఇళ్ళు కట్టుకున్నారు. 1746లో ఫ్రెంచివాళ్ళు కోటను పట్టుకుని, ఊళ్ళో కొంత పడగొట్టారు. ఊరు తిరిగి చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్ళు మిగిలిందీ పడగొట్టారు, ఫిరంగులకు ఎదురు లేకుండా మైదానం ఉండాలని. జనాన్ని ఉత్తరానికి జరిపారు. అలా జరిగిన ఊరే ఇప్పటి జార్జి టౌన్. మన పూర్వీకులెందరివో ఇళ్ళు ఈ నేల కింద ఉన్నాయి. నేను ఇక్కడ నడిచినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

ప్యారీస్ మూలలో డేర్ హౌస్ అనే భవనం దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. 1773లో నాటింది. దీనికి ఇవతల, కోట వైపు, ఎవరూ ఇల్లు కట్టకూడదని ఆ హద్దు అర్థం. బస్సులూ తోపుడు బండ్లూ అడ్డుగా ఉంటే కనిపించదు, అక్కడివాళ్ళను అడిగితే చూపిస్తారు. హైకోర్టు ప్రహరీకి తూర్పువైపు ఇంకో పలక. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక ఊరి మీద గుండ్లు పేల్చిన గుర్తు అది. హైకోర్టు లోపలికి మాత్రం మామూలు సందర్శకులుగా పోగలమనుకోకండి, బయటనుంచి చూసి కదలండి.

5. మధ్యాహ్నం లోపు మూడు వీధులు

ప్యారీస్ మూలకు వీపు పెట్టి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీద పడమరకు నడుస్తుంటే కుడిచేతి వైపు వీధులన్నీ సముద్రానికి సమాంతరంగా, గీత గీసినట్టు ఉంటాయి. లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి, ఆర్మేనియన్ వీధి, ఆ తర్వాత బ్రాడ్‌వే. ఈ వరస నోటికి వస్తే మీరు దారి తప్పరు.

తంబుచెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడికి ముందు పోండి. పన్నెండు దాటితే గుళ్ళు మూస్తారు. శివాజీ 1677లో ఇక్కడికొచ్చి అమ్మవారిని కొలిచాడని గుడివాళ్ళు చెప్పుకుంటారు. అక్కడినుంచి పక్క వీధిలోని ఆర్మేనియన్ చర్చి. బయట హమాలీల కేకలు, లోపల వసారా, చెట్ల నీడ. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో అచ్చయింది ఎక్కడో కాదు, ఈ మద్రాసులోనే. దాన్ని నడిపిన మతగురువు సమాధి ఈ ఆవరణలోనే ఉంది. మధ్యాహ్నం తర్వాత తలుపు మూసి ఉండొచ్చు కాబట్టి దీన్ని సాయంత్రానికి వాయిదా వేయకండి.

బ్రాడ్‌వే పేరు ఇప్పుడు ప్రకాశం సాలై. మన టంగుటూరి ప్రకాశం పంతులే. 1928లో సైమన్ కమిషన్‌కు ఎదురుగా ఊరేగింపు నడిచినప్పుడు ఆయన తుపాకులకు రొమ్ము చూపింది ఈ హైకోర్టు పరిసరాల్లోనే. పిల్లలు వెంట ఉంటే ఈ బోర్డు కింద నిలబెట్టి ఆ కథ చెప్పండి.

6. పన్నెండున్నర నుంచి నాలుగు దాకా ఆగండి

భోజనం చేసి నీడపట్టున కూర్చోండి. ఈ సమయంలో గుళ్ళు మూసి ఉంటాయి, ఎండ నెత్తి మీద ఉంటుంది, సరుకు బండ్లు సందులు నింపేస్తాయి. "టైం వేస్టు" అని నడిచినవాళ్ళు సాయంత్రానికి సొమ్మసిల్లుతారు. సాయంత్రమే అసలు బజారు.

7. నాలుగున్నరకు పూలబజారు నుంచి లోపలికి

పూలబజారు దగ్గర చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లేశ్వరర్ జంట గుళ్ళు. వీటికి పట్టణం కోవెల అని పేరు. మొదట హైకోర్టు ఉన్న చోట ఉండేవి. ఊరితోపాటు ఆ గుడినీ తొలగించాక, 1760ల్లో ఇక్కడ మళ్ళీ కట్టించారు.

ఊరి పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1639లో ఈ ఇసుక నేలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద చెన్నపట్నం అయింది. బేరం కుదర్చడంలో దుబాసీగా నిలిచింది బేరి తిమ్మప్ప. వీధి బోర్డులు చదువుకుంటూ నడవండి. గోవిందప్ప నాయకన్, నైనియప్ప నాయకన్, సుంకురామ చెట్టి. తమిళ అక్షరాల్లో ఉన్నా పేర్లు మనవే.

అక్కడినుంచి కొత్వాల్ చావిడి. కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేడుకు పోయింది గానీ, వెల్లుల్లి, బెల్లం, పప్పుల వాసన వీధిని వదల్లేదు. కన్యకా పరమేశ్వరి అమ్మవారి గుడి ఇక్కడే, ఆర్యవైశ్యులది. పోయినసారి గుడి దారిలో మల్లెపూలు కొన్నాను. పూలమ్మే ఆమె మోచేతికి దండ చుట్టి మూర కొలుస్తూ తమిళంలో ధర చెప్పింది. మా ఆవిడ నాతో తెలుగులో ఏదో అనగానే చెయ్యి ఆపి, "ఊరి నుంచి వచ్చినారామ్మా? ఇదో, జానెడు ఎక్కువే కొలిచినా" అని ఇంకో చుట్టు తిప్పింది. ఈ వీధుల్లో మీరు ముందు తెలుగులోనే పలకరించి చూడండి.

పొట్టి శ్రీరాములు 1901లో పుట్టిన అణ్ణాపిళ్ళై వీధి ఈ జార్జి టౌన్‌లోదే. కొనుగోళ్ళు చేసేవాళ్ళకు: బట్టలకు గోడౌన్ వీధి, పెళ్ళి పత్రికలకు ఆండర్సన్ వీధి. చాలా అంగళ్ళు టోకువి, ఒక్క చీర అడిగితే విసుక్కుంటారు. "రిటైల్ ఇస్తారా?" అని ముందే అడగండి.

ఆకలేస్తే ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీద సీనాభాయ్ నెయ్యి పొడి ఊతప్పం, మింట్ వీధిలో కాకడా రాంప్రసాద్ జిలేబీ. నిలబడే తినాలి.

8. బయటి గోడతో ముగించండి

మింట్ వీధి నుంచి పడమరకు వస్తే వాల్ టాక్స్ రోడ్డు. ఫ్రెంచి ముట్టడి, ఆ తర్వాత 1769లో హైదరాలీ సైన్యం పొలిమేరల దాకా రావడంతో ఊరి చుట్టూ గోడ లేపారు. ఖర్చుకు జనం మీద పన్ను వేయాలని చూశారు. పన్ను సాగలేదు, పేరు మాత్రం రోడ్డుకు నిలిచిపోయింది. ఇక్కడ గోడ లేదు, వెతకొద్దు. మిగిలిన ముక్క ఉత్తరాన పాత జైలు రోడ్డు దగ్గర ఉంది. దాని మీదే చిన్న పార్కు, మాడి పూంగా అంటారు. ఓపిక ఉంటే వెలుతురు పోకముందే ఆటోలో పోండి. తలుపు వేసి ఉంటే కిందినుంచే గోడ మందం చూడొచ్చు. ఓపిక లేకపోతే వాల్ టాక్స్ రోడ్డు మీదే దక్షిణానికి నడవండి, సెంట్రల్ స్టేషన్ వస్తుంది.

సరిగ్గా చూశారో లేదో ఇలా తెలుసుకోండి

రాత్రి బండి కోసం కూర్చున్నప్పుడు ఒక కాగితం మీద ఊరి బొమ్మ గీయండి. కుడివైపు సముద్రం, కింద కోట, దాని పైన మైదానం, ఇంకా పైన గీతల్లాంటి వీధులు, ఎడమ అంచున వాల్ టాక్స్ రోడ్డు. హైకోర్టును ఏ ముక్కలో పెట్టాలో తడుముకోకుండా తెలిసిందా? గుడి ఎక్కడినుంచి ఎక్కడికి జరిగిందో బాణం గీయగలిగారా? తెలిస్తే రోజు దక్కినట్టే. హైకోర్టును జార్జి టౌన్ లోపల పెట్టేశారంటే నాలుగో మెట్టు హడావిడిగా దాటేశారన్నమాట. మళ్ళీ వచ్చినప్పుడు అక్కడ పావుగంట ఎక్కువ ఆగండి.

తరచుగా జరిగే పొరపాట్లు

మెరీనా నుంచి మొదలుపెట్టడం పెద్ద పొరపాటు. నీళ్ళు చూసిన పిల్లలు ఇక కదలరు. మెరీనాను మరుసటి పొద్దుటికి పెట్టుకోండి. గుర్తింపు కార్డు ఫోటో ఫోన్లో ఉంది కదా అనుకోవడం ఇంకొకటి, ద్వారం దగ్గర అది నడుస్తుందని నమ్మకం లేదు. ప్యారీస్ మూల దగ్గరి బర్మా బజారులో ధర అడిగి తీసుకోకుండా పోవాలంటే మొహమాటపడి ఏదో ఒకటి కొనేస్తుంటారు. అవసరం లేకపోతే ధర అడగొద్దు. ఇరుకు సందుల్లో వెనకనుంచి "వళి, వళి" అని కేక వినబడితే అది బరువు మోసే హమాలీ దారి అడగడం. ఆగి వెనక్కి చూడకుండా వెంటనే పక్కకు తప్పుకోండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వస్తే

రెండు ముక్కలే పెట్టుకోండి. పొద్దున తొమ్మిదికి ఆటోలో కోటకు పోయి చర్చి, మ్యూజియం చూసి పదకొండుకు తిరిగొచ్చేయండి. మ్యూజియం పై అంతస్తుకు మెట్లున్నాయి, ఎక్కలేనివాళ్ళు కింది గదులు చూస్తే చాలు. సాయంత్రం ఐదుకు కన్యకా పరమేశ్వరి గుడికి. ఆటో గుడి ముందుదాకా పోలేకపోతే మూల దగ్గర దింపుతాడు, అక్కడినుంచి మెల్లగా నడిపించండి. తిరుగు ప్రయాణానికి అదే ఆటోను ఆగమనకుండా, పెద్ద రోడ్డు మీదికొచ్చి వేరేది పట్టుకోండి. ఆ సందుల్లో బండి ఆపి ఉంచడం ఎవరివల్లా కాదు.